ఓబీజీ ఇష్టం, ఇల్లూ కావాలి: పీజీ బ్రాంచ్ ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: గవర్నమెంట్ కాలేజీలో హౌస్ సర్జన్సీ చేస్తున్న 24 ఏళ్ల అమ్మాయి నీట్ పీజీకి (ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీట్ల ప్రవేశ పరీక్షకు) చదువుతోంది. లేబర్ రూమ్ పోస్టింగ్ బాగా నచ్చింది, ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగం) తీసుకోవాలని ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "క్లినికల్ తీసుకుంటే ఇల్లు మర్చిపోవాల్సిందే" అని కొందరు సీనియర్లు, "నాన్ క్లినికల్ తీసుకుంటే ఇన్నేళ్ల చదువూ దండగ" అని మరికొందరు. (క్లినికల్ అంటే రోగిని నేరుగా చూసే బ్రాంచ్‌లు, నాన్ క్లినికల్ అంటే ల్యాబ్, బోధన లాంటివి.) ఎవరి మాట వినాలి?

అమ్మా, రెండు మాటల్లోనూ సగమే నిజముంది. వాటిని నమ్మి బ్రాంచ్ ఎంచుకోకండి. డాక్టరుకి ఇంటికి సమయం మిగులుతుందా లేదా అన్నది కొన్ని నిర్దిష్టమైన విషయాల మీద ఆధారపడుతుంది. మీ బ్రాంచ్‌లో అర్ధరాత్రి కేసు ఎంత తరచుగా వస్తుంది, వచ్చినప్పుడు ఫోన్ మీకే వస్తుందా లేక డ్యూటీలో ఉన్న ఇంకొకరికి వెళ్తుందా, మీరు పనిచేసే చోటు ఎలాంటిది, నెత్తిన అప్పెంత. వీటిలో అన్నిటికంటే బరువైనది రెండోది. వారానికి 60 గంటలు పనిచేసినా, ఇంటికొచ్చాక ఫోన్ మోగదని తెలిస్తే మనిషి నిలదొక్కుకుంటాడు. 45 గంటలే పనిచేసినా, ఏ రాత్రి పిలుపొస్తుందో తెలియకుండా ఏళ్ల తరబడి బతికితే అలిసిపోతాడు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. పీజీ మూడేళ్లు చూసి, ఆ తర్వాతి ముప్పై ఏళ్లూ అలాగే ఉంటాయనుకుంటారు. ఆర్థోపెడిక్స్ పీజీ రాత్రంతా యాక్సిడెంట్ కేసులతోనే గడుస్తుంది. అదే మనిషి తర్వాత మోకాలి మార్పిడి ఆపరేషన్లు చేసుకుంటే తేదీ, వేళ తనే నిర్ణయిస్తాడు. కార్డియాలజీలో అలా కుదరదు. గుండెపోటుతో వచ్చిన రోగికి ఆసుపత్రి గడప తొక్కినప్పటి నుంచి 90 నిమిషాల్లోపు రక్తనాళం తెరవాలన్నది ప్రమాణం కాబట్టి, 50 ఏళ్లొచ్చినా ఆసుపత్రికి దగ్గర్లోనే ఇల్లు చూసుకోవాలి. కాబట్టి పీజీని ఒక లెక్కగా, తర్వాతి ప్రాక్టీసును ఇంకో లెక్కగా వేయండి.

ముందు పీజీ లెక్క. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా రోజుకు 9 గంటలు, ఆరు రోజులకు 54. ఆదివారం రౌండ్స్‌కి 3. మొత్తం 57. నైట్ డ్యూటీ అంటే సాయంత్రం 5 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా అదనంగా 15 గంటలు. మూడు రోజులకో డ్యూటీ పడితే వారానికి సగటున 2.3 రాత్రులు, అంటే సుమారు 35 గంటలు. 57కి 35 కలిపితే 92. ఆరు రోజులకో డ్యూటీ అయితే 17.5 గంటలే కలుస్తాయి, 75 దగ్గర ఆగుతుంది. డ్యూటీ మర్నాడు మధ్యాహ్నం 12కి పంపించే అలవాటు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే ఒక్కో డ్యూటీకి 5 గంటలు తగ్గుతాయి, 92 కాస్తా 80 అవుతుంది. వారానికి ఉన్నవి 168 గంటలు. అందులో 92 పోతే మిగిలేవి 76. రోజుకు ఏడు గంటల నిద్రకు 49 తీసేయండి. మిగిలిన 27 గంటల్లోనే స్నానం, తిండి, ప్రయాణం, థీసిస్, చదువు, అమ్మానాన్నలతో మాటలు. ఒకే రాష్ట్రంలో, ఒకే బ్రాంచ్‌లో, రెండు కాలేజీల మధ్య తేడా ఇంత ఉంటుంది. అందుకే బ్రాంచ్ పేరు ఒక్కటే చూసి భయపడొద్దంటున్నాను.

నియమాలు కాగితం మీద ఉన్నాయి. కేంద్రం 1992లో తెచ్చిన రెసిడెన్సీ స్కీమ్‌లో ఏకబిగిన 12 గంటలు మించకుండా, వారానికి 48 గంటలని రాశారు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో "సహేతుకమైన పనిగంటలు" అని మాత్రమే ఉంది, అంకె లేదు. కానీ ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు, పని ఒత్తిడిని బట్టి వారానికొక సెలవు అని స్పష్టంగా ఉంది. అదే కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. ఇవి తెలిసి ఉండటం మంచిది, లీవు లెటరు రాసేటప్పుడు పనికొస్తాయి. డ్యూటీ రోస్టరు మాత్రం నడిచేది యూనిట్‌లో పీజీలు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టే.

అందుకని చేరబోయే డిపార్ట్‌మెంట్ గురించి ముందే కనుక్కోవాలి. ప్రొఫెసర్లను అడిగితే కోర్సు గురించి చెప్తారు. రోజులెలా గడుస్తాయో తెలియాలంటే అక్కడి సెకండియర్ పీజీని అడగండి. ఫస్టియర్ వాళ్లు అలసటలో అన్నీ చెడ్డగా చెప్తారు, ఫైనలియర్ వాళ్లు అప్పటికి కష్టం మర్చిపోయి ఉంటారు. ఏడాదికి ఎంతమంది పీజీలు, ఎన్ని రోజులకో డ్యూటీ, పోస్ట్ డ్యూటీ ఆఫ్ (నైట్ డ్యూటీ మర్నాడు త్వరగా ఇంటికి పంపడం) నిజంగా ఇస్తారా, ఇస్తే ఎన్నింటికి బయటపడతారు? రాత్రి సీనియర్ రెసిడెంట్ (పీజీ పూర్తిచేసి అక్కడే పనిచేసే డాక్టరు) లేబర్ రూమ్‌లోనే ఉంటారా, ఫోన్‌లోనా? శాంపిళ్లు ల్యాబ్‌కి తీసుకెళ్లేది, ట్రాలీ తోసేది ఎవరు? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, వార్డు బాయ్‌లు, హౌస్ సర్జన్లు చాలని చోట పీజీ రాత్రిలో సగం రక్తం బాటిళ్ల కోసం బ్లడ్ బ్యాంకుకి తిరగడంతోనే పోతుంది. ఇక అమ్మాయిలు తప్పకుండా అడగాల్సింది ఇంకోటుంది. డ్యూటీ రూమ్ వార్డు పక్కనే ఉందా, లోపల గొళ్లెం ఉందా, బాత్రూమ్ అందులోనే ఉందా? 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరుకి జరిగిన ఘోరం తర్వాత ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు. గత మూడేళ్లలో సీటు వదిలేసి వెళ్లినవాళ్లు ఎందరో కూడా కనుక్కోండి. ఒకరు వెళ్తే అది వాళ్ల సొంత కారణం కావచ్చు. ఏటా ఒకరు వెళ్తుంటే ఆ డిపార్ట్‌మెంట్‌లోనే ఏదో ఉంది.

ఇప్పుడు ఓబీజీ. ఇష్టమన్నారు కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

ఓబీజీ కష్టమంతా ఒకే చోట ఉంది. నొప్పులకు వేళాపాళా లేదు, తేడా వస్తే సమయమూ ఉండదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా, బొడ్డుతాడు ముందుకు జారినా, నిర్ణయం తీసుకున్న 30 నిమిషాల్లో బిడ్డ బయటికి రావాలన్నది ప్రమాణం. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే నిమిషాల లెక్కే. అంటే డాక్టరు ఆసుపత్రిలోనో, అయిదు నిమిషాల దూరంలోనో ఉండాలి. ఒక్కరే గైనకాలజిస్టు ఉన్న నర్సింగ్ హోమ్‌లో ఆ ఒక్కరూ ఏడాదికి 365 రాత్రులూ ఆన్ కాల్‌లో ఉన్నట్టే. మన చిన్న పట్టణాల్లో కింద ఆసుపత్రి, పైన ఇల్లు కట్టుకునే పద్ధతి ఈ అవసరంలోంచే పుట్టింది. దానికి ముహూర్తం సెక్షన్లు (సిజేరియన్లు) తోడవుతాయి. తెల్లవారుజామున నాలుగింటికి కావాలంటారు. రాత్రి తీసుకొచ్చే ఆర్‌ఎంపీని కాదంటే ఇంకో కేసు రాదన్న భయం ఒకటి. నెలలు నిండిన పేషెంట్లు ఇద్దరు ముగ్గురున్నారంటే తిరుపతి ప్రయాణం కూడా వాయిదానే.

సిజేరియన్ల సంఖ్యకూ దీనికీ సంబంధముంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి, ఒంటరి డాక్టరు మొదటి కాన్పు నొప్పుల దగ్గర 12 గంటలు కూర్చోలేకపోవడం. మర్నాడు పొద్దున ఓపీలో 60 మంది ఉంటారు, అలాంటప్పుడు పగలే సెక్షన్ చేసేస్తే రాత్రి నిద్ర దక్కుతుంది. మన సమయం లేమి రోగి ఒంటి మీద కోతగా మారడం ఏ మంచి డాక్టరుకీ ఇష్టం ఉండదు. సాధారణ కాన్పును మిడ్‌వైఫ్‌లు చూసుకుని, తేడా వస్తేనే డాక్టరును పిలిచే పద్ధతి ఉన్నచోట ఇద్దరికీ మేలే. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి 2017లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అలాంటి బృందాలున్న ఆసుపత్రిలో చేరే అవకాశం వస్తే, జీతం కొంచెం తక్కువైనా దాన్నే ఎంచుకోమంటాను.

ఒంటరి ప్రాక్టీసు బదులు నలుగురు గైనకాలజిస్టులు కలిసి పనిచేసే చోట చేరితే నెలకు ఏడెనిమిది రాత్రులే మీవి. మిగతా రాత్రులు ఫోన్ ఇంకొకరి దగ్గర ఉంటుంది. దీనికి షరతు ఒకటుంది. "నా కాన్పు మీరే చెయ్యాలి మేడమ్" అనే పేషెంటుకు మొదటి విజిట్‌లోనే, డెలివరీ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు చూస్తారని చెప్పేయాలి. తొమ్మిదో నెలలో చెప్తే గొడవవుతుంది. కేస్ షీటు ఎవరు చదివినా అర్థమయ్యేలా రాసే అలవాటు కూడా ఉండాలి. గ్రూపు ప్రాక్టీసులు విడిపోవడానికి తరచుగా డబ్బు పంపకం కారణమవుతుంది, కేసును బట్టి పంచుకుంటే పేషెంటును వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. డ్యూటీని బట్టి పంచుకునేవి నిలబడతాయి.

ఓబీజీ లోపలే పగటి పని ఉన్న దారులున్నాయి. ఫీటల్ మెడిసిన్‌లో (కడుపులోని బిడ్డ ఆరోగ్యం చూసే విభాగం) పనంతా అపాయింట్‌మెంట్ల మీదే నడుస్తుంది. 11 నుంచి 14 వారాల ఎన్‌టీ స్కాన్, 18 వారాలు దాటాక టిఫా స్కాన్ దాని ముఖ్యమైన పని. పీజీ తర్వాత ఒకట్రెండేళ్ల ఫెలోషిప్ కావాలి. ప్రతి గర్భిణి స్కాన్‌కీ పీసీపీఎన్‌డీటీ చట్టం (లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) కింద ఫారం ఎఫ్ తప్పుల్లేకుండా నింపడంలో నిర్లక్ష్యం పనికిరాదు, కాగితంలో ఖాళీ వదిలినా కేసవుతుంది. సంతాన సాఫల్యం వైపు వెళ్తే, అండాలు తీసే సమయం ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు పక్వమయ్యేలా వేసేది) తర్వాత 34 నుంచి 36 గంటలు. ఇంజెక్షన్ రాత్రి పదింటికి వేయిస్తే పని ఎల్లుండి పొద్దున తొమ్మిదికి పడుతుంది. ఆదివారాలు కొన్ని పోతాయి, రాత్రులు మాత్రం పోవు. ల్యాపరోస్కోపీ, గైనిక్ ఆపరేషన్లు మాత్రమే చేసేవాళ్లకూ వేళ చేతిలోనే ఉంటుంది. చాలామంది నలభైల్లో కాన్పులు మానేసి గైనిక్‌కే పరిమితమవుతారు. అంటే ఓబీజీ తీసుకున్నంత మాత్రాన జీవితాంతం రాత్రులు పోగొట్టుకోవాలని లేదు. అయితే పీజీ మూడేళ్లు, ఆ తర్వాత చేయి తిరిగే దాకా మరో నాలుగైదేళ్లు తప్పవు. ఆ ఏడెనిమిదేళ్లకు మీరు, మీ ఇంట్లోవాళ్లు సిద్ధమా అన్నదే తేల్చుకోవాల్సింది.

మిగతా బ్రాంచ్‌ల్లో మీకు పోలికగా పనికొచ్చేవి కొన్ని. అనస్తీషియాలో సొంత పేషెంట్లుండరు, డ్యూటీ దిగితే దిగినట్టే. కాకపోతే ఊళ్లో ఇద్దరే అనస్తీషియా డాక్టర్లుండి ఫ్రీలాన్స్ చేస్తే, ప్రతి నర్సింగ్ హోమ్ అర్ధరాత్రి సెక్షన్‌కీ పిలుపు మీకే. పెద్ద ఆసుపత్రి జీతం మీద అయితే రోస్టరు ప్రకారం నడుస్తుంది. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో రాత్రులు ఎప్పటికీ ఉంటాయి, కానీ షిఫ్టు ముగిశాక రోగి బాధ్యత ఇంకొకరిది. లేబర్ రూమ్‌లో మీకు నచ్చింది ఆ హడావుడి, అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం అయితే, ఈ రెండు బ్రాంచ్‌లూ గట్టిగా ఆలోచించండి. నచ్చింది తల్లీబిడ్డలతో అనుబంధమైతే వీటిలో అది దొరకదు. రేడియాలజీ, డెర్మటాలజీ ప్రశాంతమన్న మాట నిజమే, అందుకే మంచి ర్యాంకులకే దొరుకుతాయి. రేడియాలజీలో రోజుకు ఇన్ని రిపోర్టులన్న ఒత్తిడి ఉంటుంది. హైదరాబాద్‌లో చర్మం క్లినిక్ పెడితే లేజర్ మెషిన్ల ఈఎంఐ మనిషిని పరిగెత్తిస్తుంది. సైకియాట్రీలో రాత్రి పిలుపులు తక్కువ, మనసు మీద బరువు ఎక్కువ. పేషెంట్లకు సొంత నంబరు ఇవ్వకుండా క్లినిక్ నంబరే ఇవ్వడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

నాన్ క్లినికల్ తీసుకుంటే చదువు దండగన్న మాట తప్పు. పేథాలజీ, మైక్రోబయాలజీ చదివినవాళ్ల మీదే సగం వైద్యం నడుస్తోంది. మెడికల్ కాలేజీలో అధ్యాపక ఉద్యోగం పగటి పని, సెలవులు నికరం. ఆదాయం క్లినికల్ వాళ్లకంటే నెమ్మదిగా పెరుగుతుంది. కానీ రోగిని చూడటం ఇష్టమైన మనిషి భయం కొద్దీ దీన్ని తీసుకుంటే, రెండేళ్లకు మళ్లీ నీట్ పీజీ పుస్తకాలు తెరుస్తారు. అది రెట్టింపు నష్టం. కోర్సు మధ్యలో మానేస్తే కట్టాల్సిన జరిమానా, మళ్లీ రాయడానికి ఉన్న ఆంక్షలు కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో ఉంటాయి, చదవకుండా సంతకం పెట్టకండి.

డబ్బు విషయం సూటిగా చెప్పాలి. గవర్నమెంట్ సీటుకూ మేనేజ్‌మెంట్ సీటుకూ తేడా ఫీజుతో ఆగదు, ఆ తర్వాతి పదేళ్ల రాత్రుల దాకా వస్తుంది. క్లినికల్ బ్రాంచ్‌ల్లో ఏడాదికి 20 లక్షలు దాటే సీట్లున్నాయి. 60 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 79,000 కట్టాలి, చదువుతున్నప్పటి వడ్డీ వేరే. ఆ వాయిదా ఉన్న మనిషి నలుగురి గ్రూపులో చేరి నెలకు ఎనిమిది రాత్రులతో సరిపెట్టుకోలేదు, కనిపించిన ప్రతి కేసూ తీసుకుంటుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో మొదటి ఏడాదో రెండేళ్లో మినిమమ్ గ్యారంటీ ఇచ్చి తర్వాత కేసుకింత అంటారు. అప్పుడు సెలవు పెడితే ఆ రోజు ఆదాయం ఉండదు. అందుకే ఒక ఏడాది ఆగి మళ్లీ రాసి కన్వీనర్ కోటాలో తెచ్చుకోగలనన్న నమ్మకం మార్కుల్లో కనిపిస్తుంటే, ఆగమనే అంటాను. రెండుసార్లు రాసినా ర్యాంకు కదలకపోతే మూడో ఏడాది ఆగొద్దు.

పెళ్లి, పిల్లల లెక్క కూడా కాగితం మీద వేయండి. వచ్చే ఏడాది సీటు వస్తే 28కి పీజీ అయిపోతుంది. గవర్నమెంట్ సీటైతే సర్వీసు బాండు కింద సీనియర్ రెసిడెన్సీ, 29. ఫెలోషిప్ చేస్తే 30, 31. "సెటిలయ్యాక పిల్లలు" అనుకుంటే ఆ సెటిలవడం జరుగుతూనే ఉంటుంది, 35 దాటాక గర్భం రావడం కష్టమవుతుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫస్టియర్‌లో గర్భం చాలా కష్టం. సీనియర్ రెసిడెన్సీ కాలం చాలామందికి అనుకూలిస్తుంది. పీజీలో ప్రసూతి సెలవు తీసుకుంటే ఆ మేరకు కోర్సు పొడిగిస్తారు, 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష వెనక్కి పోతుంది. అది నష్టమే కానీ ఆరు నెలల నష్టం, భయపడాల్సినంత పెద్దది కాదు.

సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం కంటే ముందు రెండు విషయాలు అడిగించండి. మీ సీటు ఏ ఊళ్లో వస్తే ఆ మూడేళ్లు ఎవరు ఎక్కడుంటారు? రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు ఇంట్లో పిల్లని ఎవరు చూస్తారు? "మా అమ్మ చూసుకుంటుంది" అని అబ్బాయి అంటే, ఆ అమ్మగారి నోటితో విన్నాకే నమ్మండి. అబ్బాయిది నర్సింగ్ హోమ్ కుటుంబమైతే, మీరు గైనకాలజిస్టుగా ఒంటరి ప్రాక్టీసు చేయాలన్న నిర్ణయం వాళ్లు ముందే తీసుకుని ఉంటారు. అది మీకు ఇష్టమేనా అన్నది పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి.

విదేశాల ఆలోచన ఉంటే ఒక్క మాట. అమెరికాలో రెసిడెంట్లకు నాలుగు వారాల సగటున వారానికి 80 గంటల పరిమితి. విదేశీ గ్రాడ్యుయేట్లకు అక్కడ ఓబీజీ దొరకడం చాలా కష్టం. బ్రిటన్‌లో సగటు 48 గంటలు, సగం కాలం శిక్షణ చేసుకునే వీలూ ఉంది. కానీ శిక్షణ పోస్టులకు పోటీ ఈ మధ్య బాగా పెరిగింది.

చేరాక ఒక జాగ్రత్త మాత్రం నా కోసం పాటించండి. 24 గంటల డ్యూటీ దిగి స్కూటీ నడపొద్దు. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లోనే పరిశోధకులు కొలిచి చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03. ఆటో ఎక్కండి, లేదా డ్యూటీ రూమ్‌లో గంటన్నర పడుకుని బయల్దేరండి.

ఇక కౌన్సెలింగ్‌లో పెట్టే ఆప్షన్ల లిస్టు. బ్రాంచ్ పేర్లు వరుసగా రాసి వాటి కింద కాలేజీలు నింపకండి. బ్రాంచ్, కాలేజీ కలిపి ఒక్కో జంటగా రాయండి. ఆరు రోజులకో డ్యూటీ, పోస్ట్ డ్యూటీ ఆఫ్ ఉన్న ఓబీజీ సీట్లు పైన. ఆ తర్వాత మీకు నిజంగా నచ్చితే మంచి అనస్తీషియా, ఎమర్జెన్సీ మెడిసిన్ సీట్లు. మూడు రోజులకో డ్యూటీ ఉండి, ఆఫ్ ఇవ్వని ఓబీజీ సీట్లు వాటి కింద, లేదా అసలు వద్దు. ఆలిండియా కోటా మొదటి రౌండ్‌లో సీటు వదిలేసినా డిపాజిట్ పోదు, తర్వాతి రౌండ్లలో పోతుంది. కాబట్టి మొదటి రౌండ్‌లో ధైర్యంగా పెట్టుకోండి. లాక్ చేసే ముందు, పైనున్న అయిదు కాలేజీల పీజీలకు వాళ్ల పోస్ట్ డ్యూటీ రోజు సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేయండి. ఇంటి నుంచి మాట్లాడుతున్నారా, వార్డు నుంచా అని ముందు అది అడగండి.